గుండె కండ పెరిగితే బలమేనా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రోజూ రోకలి పట్టిన చేతికి కాయలు కాస్తాయి. నూతిలోంచి నీళ్ళు తోడగా తోడగా చేతులు గట్టిపడతాయి. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న మన కోడి రామమూర్తి నాయుడుగారి దేహం సాము చేసి పెంచుకున్నదే. పని పెరిగినకొద్దీ కండ పెరుగుతుంది, కండ పెరిగితే బలం పెరుగుతుంది. ఇందులో కొత్తేముంది, చిన్నపిల్లలకి కూడా తెలుసంటారు మీరు.

సరే. గుండె కూడా కండరమే కదా! దాని మీద పనిభారం పెరిగితే అదీ మందమవుతుంది. మరి గుండె కండ పెరిగితే బలమేనా? "మీ గుండె గోడలు మందమయ్యాయమ్మా" అని డాక్టరుగారంటే సంతోషించాలా, దిగులుపడాలా?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆ భారం ఎలాంటిదో చూడాలి. దిగిపోయే భారమైతే భయం లేదు. దిగని భారమైతే, పైకి బలంగా కనిపించేది లోపల అప్పులా పెరుగుతూ ఉంటుంది. ఈ తేడా తెలియకే మనలో చాలామంది "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అంటూ వేసుకునే మాత్రలు మానేస్తున్నారు. అందుకే ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను. నేను డాక్టర్ని కాను, మీలాగే ఇల్లు చూసుకునేదాన్ని. పుస్తకాలు చూసీ, డాక్టర్లని అడిగీ తెలుసుకున్నది మన మాటల్లో చెబుతాను.

ముందుగా గుండె సంగతి. అది ఎవరి పిడికిలంత వాళ్ళకుంటుంది. ఆడవాళ్ళలో సుమారు పావుకిలో బరువు, మగవాళ్ళలో ఇంకో యాభై గ్రాములు ఎక్కువ. నిమిషానికి 72 సార్లు చొప్పున లెక్కేసుకోండి, రోజుకి లక్ష సార్లు దాటి కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా 70 మిల్లీలీటర్ల రక్తాన్ని ముందుకు తోస్తుంది. అంటే నిమిషానికి ఐదు లీటర్లు, రోజుకి ఏడువేల లీటర్లు. మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకులు ఏడన్నమాట! పావుకిలో బరువున్న కండరం, పండగా పబ్బం లేకుండా, రోజూ చేసే పని ఇది.

గుండెలో నాలుగు గదులు. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపుతుంది. పక్కింటికి గిన్నెడు పులుసు పంపించినంత పని. ఎడమ జఠరిక అలా కాదు, మాడు దగ్గర్నించి కాలి బొటనవేలి దాకా ఒళ్ళంతటికీ రక్తం పంపాలి. అందుకే ఎడమ జఠరిక గోడ కుడి జఠరిక గోడకన్నా రెండు మూడు రెట్లు మందంగా ఉంటుంది. ఆడవాళ్ళలో 6 నుంచి 9 మిల్లీమీటర్లుంటే మామూలు అంటారు.

ఇందులో ఒక చిత్రం ఉంది. తల్లి కడుపులో ఉన్న బిడ్డకి ఊపిరితో పని లేదు కనక రెండు జఠరికల మీదా భారం ఇంచుమించు సమానం, గోడల మందమూ ఇంచుమించు సమానమే. బిడ్డ భూమ్మీద పడి కేరుమన్న తర్వాతే ఎడమ వైపు పని పెరుగుతుంది, గోడ మందమవుతుంది. కుడి వైపు పని తగ్గుతుంది, ఆ గోడ పలచగా ఉండిపోతుంది. అంటే మీదపడిన భారాన్ని బట్టి గోడని మార్చుకోవడం గుండెకి మొదటినుంచీ ఉన్న గుణమే.

గోడ మందం కావడమంటే ఏమిటి? ఇటుక మీద ఇటుక పేర్చినట్టు కొత్త కణాలు పుట్టుకొస్తాయనుకుంటాం. కాదు. మన చర్మంలో పాత కణాలు రాలి కొత్తవి వస్తూనే ఉంటాయి. గుండె కండరంలో అలా కాదు. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే అక్కడి కండర కణాలు ఒకటి రెండు కావడం దాదాపు మానేస్తాయి. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రజ్ఞులు 2009లో దీన్ని లెక్కకట్టి చెప్పారు. పాతికేళ్ళ మనిషి గుండెలో ఏడాదికి నూటికి ఒక్క కండర కణమే కొత్తది. డెబ్భై ఐదేళ్ళు వచ్చేసరికి అందులో సగం కూడా ఉండదు. ఇంట్లో కొత్తగా పనివాళ్ళు దొరకనప్పుడు ఉన్నవాళ్ళే ఎక్కువ పని నెత్తినేసుకున్నట్టు, ఉన్న కణాలే లావెక్కుతాయి.

అవి లావెక్కే తీరులో రెండు రకాలున్నాయి. చేదతాడు గుర్తు తెచ్చుకోండి. బరువైన బొక్కెన తోడాలంటే తాడులో ఇంకో రెండు పేటలు కలిపి లావుగా పేనుతాం. నీళ్ళు అడుక్కి వెళ్ళిపోతే తాడు చివర ఇంకో తాడు ముడేసి పొడుగు చేస్తాం. గుండె కణం లోపల ముడుచుకుని సాగే ప్రొటీను పోగులుంటాయి. ఎదురు ఒత్తిడి ఎక్కువైతే కణం పోగు పక్కన పోగు చేర్చుకుంటుంది, గోడ మందమవుతుంది. తోయాల్సిన రక్తం ఎక్కువైతే పోగు చివర పోగు చేర్చుకుంటుంది, గది పెద్దదవుతుంది. చాలామందిలో రెండూ కొంత కొంత కలిసే ఉంటాయి.

మందం కావడంవల్ల గుండెకి ఏమిటి లాభం? ఫ్రాన్సు దేశపు గణిత శాస్త్రజ్ఞుడు లాప్లాస్ పేరుమీద ఒక సూత్రముంది. లెక్కలతో మనకి పని లేదు, సారం చెబుతాను. నీళ్ళు నిండిన గంగాళం నలుగురు మోస్తే ఒక్కొక్కరిమీద ఎంత బరువో, ఎనిమిదిమంది మోస్తే అందులో సగం. గుండె గోడలో పోగులు పెరిగితే ఒక్కొక్క పోగు మీద పడే భారం తగ్గుతుంది. లోపల ఒత్తిడి రెట్టింపైనా గోడ కూడా రెట్టింపు మందమైతే పోగుకి ఆ తేడా తెలియదు. చూశారా, ఎంత తెలివైన సర్దుబాటో! ఇల్లు నడిపే ఇల్లాలికి ఉండే తెలివే ఇది. ఖర్చు పెరిగినా బయటి వాళ్ళకి తెలియనివ్వకుండా నెట్టుకొస్తుంది.

ఇప్పుడు దిగిపోయే భారాల సంగతి చూద్దాం. వాటిలో అన్నిటికన్నా పెద్దది మన ఆడవాళ్ళకి తెలిసిందే, కడుపుతో ఉండటం. కడుపులో బిడ్డ పెరిగే కొద్దీ తల్లి ఒంట్లో రక్తం సుమారు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నిమిషానికి గుండె తోసే రక్తమూ మూడోవంతు నుంచి సగం దాకా పెరుగుతుంది. ఆ పనికి తగినట్టు ఎడమ జఠరిక కాస్త పెద్దదవుతుంది, కాస్త మందమూ అవుతుంది. కానుపు అయిన కొన్ని నెలలకి మళ్ళీ మామూలు కొలతకి వచ్చేస్తుంది. మనం వంట చేస్తూ, పెద్దపిల్లకి జడవేస్తూ తిరిగిన ఆ నెలల్లో మన గుండె ఇంత పని చేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ యథాస్థానానికి వచ్చిందని మనలో ఎంతమందికి తెలుసు?

ఆటగాళ్ళ గుండె కూడా అలాంటిదే. 1899లో స్వీడన్‌లో హెన్షెన్ అనే వైద్యుడు మంచు మీద స్కీలతో దూరాలు పరుగెత్తేవాళ్ళని పరీక్షించాడు. అప్పటికి ఈ యంత్రాలు లేవు. ఛాతీ మీద వేళ్ళతో తట్టి, ఆ చప్పుడును బట్టి గుండె ఎంతమేర ఉందో గుర్తుపట్టాడు. కుండ కొనేటప్పుడు మనం తట్టి చూడమూ, అలాగే. పందేల్లో గెలిచేవాళ్ళ గుండె పెద్దదిగా ఉందని చెప్పాడు. 1975లో అమెరికాలో మోర్గన్‌రాత్, ఆయన తోటివాళ్ళు ఎకో పరీక్ష చేసి ఇంకో సంగతి బయటపెట్టారు. దూరాలు పరుగెత్తేవాళ్ళలో, ఈదేవాళ్ళలో గది పెద్దదైంది. కుస్తీ పట్టేవాళ్ళలో, ఇనపగుండు విసిరేవాళ్ళలో గోడ మందమైంది. పొడుగు తాడూ, లావు తాడూ అన్నాను కదా, ఆ తేడాయే. సాధన మానేస్తే ఆటగాళ్ళ గుండె కూడా చాలావరకు తగ్గుతుంది.

భారం తీసేస్తే గుండె ఎంత తగ్గుతుందో చెప్పడానికి ఆకాశంలోనే ఒక సాక్ష్యం దొరికింది. అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ 2015 నుంచి 2016 వరకు 340 రోజులు అంతరిక్ష కేంద్రంలో ఉన్నాడు. అక్కడ బరువుండదు కనక రక్తాన్ని పైకి తోసే శ్రమ తక్కువ. వారానికి ఆరు రోజులు వ్యాయామం చేసినా ఆయన ఎడమ జఠరిక బరువు సుమారు 190 గ్రాముల నుంచి 139 గ్రాములకి తగ్గిందని 2021లో పరిశోధకులు ప్రకటించారు. అయినా గుండె బాగానే పనిచేసింది. అంటే గుండె ఎంత పని ఉంటే అంతకి తగినట్టు ఉంటుంది, అనవసరంగా ఒక్క గ్రాము కూడా దాచుకోదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పగలంతా అరక లాగిన ఎద్దుకి సాయంత్రమయ్యేసరికి కాడి దించుతాం, గడ్డి వేస్తాం, నెమరు వేసుకోనిస్తాం. ఆటగాడి గుండెకీ అంతే, రోజుకి రెండు మూడు గంటలు శ్రమ, మిగతా వేళ విశ్రాంతి. తల్లి గుండెకి తొమ్మిది నెలల గడువుంది. కాని రక్తపు పోటు ఉన్న మనిషి గుండెకి కాడి దించేవాళ్ళు లేరు. నిద్రలో కూడా తలుపు అవతల ఎవరో అడ్డంగా నిలబడినట్టే. లక్షసార్లు తెరవాల్సిన తలుపుని లక్షసార్లూ బలవంతంగా తొయ్యాలి. ఇవాళా, రేపూ, ఏళ్ళ తరబడి.

అలాంటప్పుడు లావెక్కిన గుండెలో మూడు చెడ్డ మార్పులు వస్తాయి.

మొదటిది పీచు. లేత బెండకాయ వేలితో విరిస్తే టప్పున విరుగుతుంది. ముదిరితే పీచు కట్టి కత్తికి కూడా లొంగదు. గుండె కండరం మధ్య కూడా అలాంటి పీచు పేరుకుంటుంది. గుండె ముడుచుకోవడమే కాదు, వదులవడం కూడా ముఖ్యమే. వదులైతేనే కదా రక్తం వచ్చి నిండుతుంది! పీచు కట్టిన గుండె గట్టిగానే ముడుచుకుంటుంది కాని సరిగా వదులవదు. లోపలికి రావాల్సిన రక్తం వెనక్కి ఊపిరితిత్తుల వైపు ఎగదన్నుతుంది. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం అందువల్లనే. మనం "వయసు మీదపడుతోంది" అనేస్తాం.

రెండోది తిండి చాలకపోవడం. గుండె అందరికీ రక్తం పంపుతుంది కాని, తన కండరానికి కావలసిన రక్తం సన్నటి నాళాల ద్వారానే తెచ్చుకోవాలి. కణాలు లావెక్కినంత వేగంగా ఆ నాళాలు పెరగవు. అందరికీ వడ్డించి ఆఖరున అడుగంటిన గిన్నెతో కూచునే ఇల్లాలి పరిస్థితే దానిదీ.

ఇక్కడ మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి పనిచేస్తూ, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లోనూ, ఎ.టి.పి. అనే పదార్థాన్ని 1929లోనూ కనిపెట్టారు. కండరం పనిచెయ్యడానికి అప్పటికప్పుడు వాడుకునేది ఎ.టి.పి. అది చేతిలో చిల్లర లాంటిది. ఫాస్ఫోక్రియాటిన్ పోపులడబ్బాలో దాచుకున్న డబ్బు లాంటిది. చేతిలోది అయిపోతే వెంటనే తీసి వాడుకుంటాం. రక్తపు పోటువల్ల బాగా మందమైన గుండెల్లో ఈ పోపులడబ్బా సొమ్ము తక్కువగా ఉంటుందని ఈనాటి పరీక్షల్లో తేలింది. చూడటానికి లావు, చేతిలో నిలవ మాత్రం తక్కువ.

మూడోది తాళం తప్పడం. గుండెని కొట్టుకోమని చెప్పే కరెంటు కండరంలోంచి సాఫీగా పారాలి. పీచు అడ్డం వచ్చిన చోట అది దారి తప్పుతుంది. గుండెదడ వస్తుంది. కొందరిలో అది ప్రమాదంగా మారుతుంది.

ఇన్నీ జరుగుతుంటే మనిషికి తెలియదా అంటే, చాలాకాలం తెలియదు. అదే చిక్కు. సర్దుకుపోవడం గుండెకి అంత బాగా వచ్చు కనకే మనకి తెలియనివ్వదు.

దీనికి చరిత్రలో అందరికీ తెలిసిన మనిషి ఒకరున్నారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1935లో ఆయన రక్తపు పోటు 136 బై 78. 1937లో 162 బై 98. 1941 నాటికి 188 బై 105. ఏళ్ళు గడిచేకొద్దీ ఎలా ఎక్కిందో చూడండి. ఆయన మాత్రం పనిలోనే ఉన్నాడు, యుద్ధం నడిపించాడు. 1944 మార్చిలో బ్రూయెన్ అనే గుండె వైద్యుడు పరీక్షిస్తే గుండె పెద్దదై ఉంది, అప్పటికే అలిసిపోతోంది. ఉప్పు తగ్గించమన్నారు, సిగరెట్లు తగ్గించమన్నారు, విశ్రాంతి అన్నారు, గుండెకి డిజిటాలిస్ ఇచ్చారు. ప్రపంచంలోకెల్లా బలమైన దేశానికి అధ్యక్షుడు, కాని రక్తపు పోటుని దించే మంచి మాత్ర ఆ రోజుల్లో లేదు. 1945 ఏప్రిల్ 12న, చిత్రకారిణి ఎదుట బొమ్మకి కూర్చుని ఉండగా "తల వెనక భయంకరంగా నొప్పిగా ఉంది" అని పడిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లింది. అప్పటికాయనకి 63 ఏళ్ళు.

ఒంట్లో ఉప్పునీ నీటినీ మూత్రంలో బయటికి పంపి రక్తపు పోటు తగ్గించే మాత్ర 1958లో బజారులోకి వచ్చింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి ఎన్నో వచ్చాయి. ఆనాడు రూజ్‌వెల్టుకి దొరకని మందు ఈనాడు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. దాన్ని మనం కుంకుమ భరిణె పక్కన పెట్టి మరిచిపోతున్నాం.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. డాక్టరు 170 బై 100 ఉందని మాత్రలిచ్చారు. మూడు నెలలు వేసుకున్నారు. మళ్ళీ చూస్తే 130 బై 80. "నయమైపోయిందమ్మా, ఇంకెందుకు మందులు? ఒళ్ళు వేడి చేస్తుంది" అని మానేశారు. రెండేళ్ళు హాయిగా తిరిగారు. పేరంటానికి పిలిస్తే మా మేడమెట్లు మూడుచోట్ల ఆగి ఎక్కారు. "పిన్నిగారూ, ఒకసారి చూపించుకోండి" అంటే, "మోకాళ్ళే తల్లీ, గుండెకేం" అన్నారు. చివరికి కోడలు పట్టుబట్టి తీసుకెళితే, ఎకోలో గుండె గోడ 12 మిల్లీమీటర్లు! ఇప్పుడు మాత్రలు మానకుండా వేసుకుంటున్నారు, మెట్లు ఒక్కచోట ఆగి ఎక్కుతున్నారు. ఆవిడ తప్పుపట్టాలని చెప్పటం లేదు. 130 కనిపించింది మాత్రలవల్లేనని ఆవిడకి ఎవరూ విడమర్చి చెప్పలేదు. గొడుగు వేసుకున్నందువల్ల తడవలేదు కాని, వాన ఆగిపోలేదు కదా!

ఒక్క రక్తపు పోటువల్లే గుండె మందమవుతుందా? కాదు. ఇంకో రెండు కారణాలు మనవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవాలి.

చిన్నపిల్లలకి, అందులోనూ అయిదు నుంచి పదిహేనేళ్ళ వాళ్ళకి, గొంతునొప్పి వచ్చి తగ్గాక కొన్ని వారాలకి కీళ్ళ వాపుతో జ్వరం వస్తుంది. దాన్ని రుమాటిక్ జ్వరం అంటారు. అది గుండె కవాటాలని, అంటే వాల్వులని, పాడు చేస్తుంది. ఎడమ జఠరిక బయటి వాల్వు ఇరుకైతే ఆ ఇరుకులోంచి తోయలేక గోడ మందమవుతుంది. లోపలి వాల్వు ఇరుకైతే ఒత్తిడి ఊపిరితిత్తుల మీదుగా వెనక్కి వెళ్ళి, కుడి జఠరిక మందమవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆయాసంతో ఇది మొదటిసారి బయటపడే ఆడవాళ్ళున్నారు. పిల్లల గొంతునొప్పిని మిరియాల కషాయంతో సరిపెట్టకుండా డాక్టరుకి చూపించండి. వాళ్ళు రాసిన మందు చెప్పినన్ని రోజులూ వెయ్యండి.

రెండోది వంశం నుంచి వచ్చేది. భారమేమీ లేకపోయినా పుట్టుకతో వచ్చిన లోపంవల్ల గుండె కండరం మందమయ్యే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఆటస్థలంలో ఉన్నట్టుండి కుప్పకూలే యువకుల్లో కొందరికి ఇదే కారణం. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో తంగరాజ్‌గారు, ఆయనతో పనిచేసినవాళ్ళు 2009లో ఒక సంగతి ప్రకటించారు. గుండె కండరపు పోగుల్లో ఉండే ఒక ప్రొటీనుకి సంబంధించిన జన్యువులో చిన్న ముక్క లోపించడం మన దేశంలో నూటికి నలుగురిలో ఉంది. అది ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా వయసు పైబడ్డాక, గుండె కండరపు జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. అందరికీ వస్తుందని కాదు. అయితే ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో ఉన్నట్టుండి పోతే, "రాత అంతే" అని ఊరుకోకుండా మిగతావాళ్ళకి గుండె పరీక్ష చేయించాలి.

ఇదంతా విని కంగారుపడకండి. కనిపెట్టే మార్గాలు తేలికైనవే. ఇ.సి.జి. కొంతవరకు చెబుతుంది. అంతకన్నా బాగా ఎకో చెబుతుంది. శబ్ద తరంగాలను పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో గుండె గోడలను కొలిచే పద్ధతి అది. 1953లో స్వీడన్‌లోని లుంద్‌లో ఎడ్లర్ అనే వైద్యుడూ, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడూ కలిసి మొదలుపెట్టారు. నొప్పి ఉండదు. ఎవరికి కావాలో డాక్టరు చెబుతారు. కాని మొదటి మెట్టు మాత్రం చేతికి పట్టీ కట్టి రక్తపు పోటు చూడటమే. చూసేముందు అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూచోండి. అరగంట ముందు కాఫీ వద్దు. చెయ్యి బల్లమీద గుండె ఎత్తులో ఉండాలి. చీర కొంగు, జాకెట్టు చెయ్యి పట్టీ కింద నలగకూడదు. చూస్తున్నంతసేపు కబుర్లు ఆపాలి, మనకది కాస్త కష్టమే! 140 బై 90 గాని, అంతకు మించి గాని రెండు మూడు సార్లు వస్తే డాక్టరుతో మాట్లాడాలి. కానుపులప్పుడు రక్తపు పోటు వచ్చినవాళ్ళు, తర్వాత తగ్గిపోయినా సరే, ఏడాదికోసారి తప్పకుండా చూపించుకోవాలి. వాళ్ళకి పెద్దయ్యాక అది మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

మందమైన గుండె మళ్ళీ తగ్గుతుందా? తగ్గుతుంది. ఇదే నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్న శుభవార్త. రక్తపు పోటుతోపాటు ఇ.సి.జి.లో గుండె మందమైన గుర్తులున్న 9,193 మందికి సుమారు అయిదేళ్ళపాటు మందులిచ్చి చూసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. ఎవరిలో ఆ గుర్తులు తగ్గాయో వాళ్ళలో పక్షవాతాలూ, గుండెపోట్లూ, మరణాలూ తక్కువగా ఉన్నాయని ఆ తర్వాత లెక్కలు తీసి చెప్పారు. పూర్తిగా పీచు కట్టకముందు భారం దించితే గుండె తన పాత కొలతకి దగ్గరగా రాగలదు. కాని రాత్రికి రాత్రి కాదు, నెలలూ ఏళ్ళూ పడుతుంది. అందుకే మధ్యలో మానకూడదని అంత పట్టుగా చెబుతారు. మాత్ర పడకపోతే, దగ్గో, కాళ్ళవాపో వస్తే, మానెయ్యకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళి మార్పించుకోండి.

ఇక వంటింటి సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళకి రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ ఒక్క చెంచాలోనే కూర, పులుసు, పచ్చడి, మజ్జిగ అన్నీ సర్దాలి. ఆవకాయ మానెయ్యమంటే మీరు నన్ను రేడియోలోంచి లాగేస్తారు! మానవద్దు. ముద్దకి ముద్దకీ నంజుకునేది, మొదటి ముద్దకి మాత్రమే అనుకోండి. అప్పడం, వడియం, ఊరుమిరపకాయ మూడూ ఒకే పూట వద్దు. పెరుగన్నంలో ఉప్పు వేసుకునే అలవాటు పిల్లలకి చెయ్యకండి. రోజూ అరగంట నడవండి. వంటింటికీ పెరటికీ తిరగడం నడక కింద జమ కాదు.  కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం బజారులో తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేది డాక్టర్ని అడక్కుండా వాడకండి.

మన దేశంలో 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో నూటికి 21 మందికి రక్తపు పోటు ఎక్కువగా ఉండటమో, దానికి మందులు వాడుతూ ఉండటమో కనిపించింది. మగవాళ్ళలో నూటికి 24. చూశారా, తేడా ఎంత కొంచెమో! కాని ఇళ్ళల్లో చూడండి. ఆయన మాత్రలు టైముకి అందించేది మనం, మామగారి చక్కెర చూసేది మనం, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళేది మనం. మన రక్తపు పోటు ఎంతో అడిగితే చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? పని భారం పెరిగినా నోరెత్తకుండా సర్దుకుపోయే గుణాన్ని అందరూ మెచ్చుకుంటారు. గుండె విషయంలో ఆ గుణమే ప్రమాదమని ఇంతసేపూ చెప్పుకున్నాం.

కనక ఈ వారం ఒక పని చెయ్యండి. ఒక కాగితం తీసుకుని ఇంట్లో పెద్దవాళ్ళందరి పేర్లూ వరసగా రాయండి. ఎదురుగా వాళ్ళ రక్తపు పోటు ఎంతో, ఏ తారీఖున చూశారో రాసి క్యాలెండరు పక్కన తగిలించండి. మూడు నెలలకోసారి కొత్త అంకెలు వెయ్యండి. ఒక్క షరతు, ఆ జాబితాలో మొదటి పేరు మీదే ఉండాలి.